కంటిపాప విప్పారేందుకు వేసే చుక్కలు: ఎవరు వేయాలి, ఎవరికి వేయకూడదు

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. మాది ఒంగోలు. మా అమ్మకు 63 ఏళ్లు. 12 ఏళ్లుగా షుగరు, బీపీ ఉన్నాయి. రాత్రి భోజనానికి ముందు ఇన్సులిన్ వేసుకుంటుంది. అరికాళ్ల మంటలకు ఒక బిళ్ల కూడా వాడుతుంది. కిందటేడు రెటీనా పరీక్షకు తీసుకెళితే కళ్లలో చుక్కలు వేసి చాలాసేపు కూర్చోబెట్టారు, ఆ రోజంతా చూపు మసకగానే ఉంది. అందుకని ఈసారి రానంటోంది. ఆ చుక్కలు పదే పదే వేయించుకుంటే చూపు పోతుందని బంధువులు కూడా భయపెట్టారు. మా మామగారికి శుక్లం ఆపరేషన్ అయినప్పుడు ఇచ్చిన హోమాట్రోపిన్ చుక్కల సీసా ఫ్రిజ్‌లో మిగిలి ఉంది. అది ఇంట్లోనే వేసుకుని వెళితే అక్కడ కూర్చునే పని తప్పుతుంది కదా అని అమ్మ అడుగుతోంది. ఇక మా అయిదేళ్ల బాబుకు మెల్లకన్ను ఉందేమోనన్న అనుమానంతో, అద్దాల పరీక్షకు ముందు మూడు రోజులు అట్రోపిన్ ఆయింట్‌మెంట్ పెట్టమన్నారు. వచ్చే వారం మొదలుపెట్టాలి. ఈ మందులు ఎంతవరకు క్షేమం? మేం తీసుకోవలసిన జాగ్రత్తలు ఏమిటి?

సమాధానం: అమ్మా, ముందుగా ఫ్రిజ్‌లో ఉన్న సీసా సంగతి తేల్చుకుందాం. దాన్ని మీ అమ్మగారి కంట్లో వేయకండి, వేరెవరికీ ఇవ్వకండి, ఈ రోజే పారేయండి. మూత తీసిన కంటి చుక్కల సీసాను సాధారణంగా నెల రోజులకు మించి వాడకూడదు. ఆ తర్వాత లోపల సూక్ష్మక్రిములు చేరే ప్రమాదం ఉంటుంది. కానీ ఆ సీసా నిన్న కొన్నదే అయినా నా జవాబు ఇదే. ఆసుపత్రిలో రెటీనా, అంటే కంటి వెనుక పొర, పరీక్షకు ఎక్కువగా వేసేది ట్రోపికామైడ్ అనే చుక్కల మందు. దాని ప్రభావం చాలామందిలో నాలుగు నుంచి ఎనిమిది గంటల్లో తగ్గిపోతుంది, కొందరిలో మరునాటి దాకా ఉంటుంది. హోమాట్రోపిన్ అలా కాదు, ఒకటి నుంచి మూడు రోజుల దాకా కంటిపాపను పెద్దదిగానే ఉంచుతుంది. ఒక్క రోజు మసకకే విసిగిపోయిన మీ అమ్మగారు మూడు రోజుల మసకను కోరి తెచ్చుకున్నట్లవుతుంది.

అంతకంటె ముఖ్యమైన కారణం మరొకటి ఉంది. చుక్కలు వేయక ముందు కంట్లో చూడవలసినవి కొన్ని ఉంటాయి, అవి చుక్కలు వేసిన తర్వాత సరిగా తెలియవు. దూరపు చూపు ఎంత ఉందో అక్షరాల పట్టీతో చూడటం, వెలుగు పడగానే రెండు కంటిపాపలూ ఒకేలా ముడుచుకుంటున్నాయో లేదో గమనించడం, కంటి లోపలి ఒత్తిడి కొలవడం, అన్నిటికీ మించి కంటి ముందు భాగంలో నీరు బయటికి పోయే మూల వెడల్పుగా ఉందా ఇరుకుగా ఉందా అని అంచనా వేయడం, ఇవన్నీ చుక్కలకు ముందే జరగాలి. ఈ మందులను క్షేమంగా వాడుతున్నామని మేము ధైర్యంగా చెప్పగలుగుతున్నామంటే, ఆ ధైర్యం చాలా వరకు ఈ ముందస్తు పరీక్ష వల్లనే వస్తోంది. ఇంట్లో వేసుకుని వస్తే మేము ఆ పరీక్షే చేయలేకుండా పోతాము.

ఇక మీ బంధువుల భయం. ఏడాదికోసారి పరీక్ష కోసం ఈ చుక్కలు వేయించుకున్నంత మాత్రాన చూపు పోదు. కంటిలోని నల్లగుడ్డులో, అంటే మనవాళ్లలో ఎక్కువగా గోధుమ రంగులో కనిపించే ఆ వలయంలో, రెండు రకాల కండరాలు ఉంటాయి. ఒకటి కంటిపాపను ముడుస్తుంది, రెండోది విప్పుతుంది. ట్రోపికామైడ్ ముడిచే కండరానికి అందే నరాల సంకేతాన్ని కాసేపు ఆపుతుంది. దగ్గరి వస్తువులను స్పష్టంగా చూడటానికి కంటి లోపలి కటకాన్ని సవరించే కండరాన్ని కూడా అదే సమయంలో సడలిస్తుంది. మందు అరిగిపోగానే రెండూ ఎప్పటిలాగే పనిచేస్తాయి. మన కళ్లలో గోధుమ వర్ణద్రవ్యం ఎక్కువ, అది మందును పట్టి ఉంచుకుని నెమ్మదిగా వదులుతుంది. అందుకే నీలికళ్ల వారితో పోలిస్తే మనకు కంటిపాప విప్పారడానికీ, తిరిగి చిన్నదవడానికీ ఎక్కువ సమయం పడుతుంది. పైగా ఏళ్ల తరబడి షుగరు ఉన్నవారిలో కంటిపాప సరిగా విప్పారదు, రెండు మూడు సార్లు చుక్కలు వేయవలసి వస్తుంది. మీ అమ్మగారిని అంతసేపు కూర్చోబెట్టడంలో ఆసుపత్రివారి నిర్లక్ష్యం ఉండకపోవచ్చు, ఆమె కన్ను అంత సమయం తీసుకుని ఉండవచ్చు.

నిజంగా భయపడవలసింది రెటీనా పరీక్ష మానేయడానికి. షుగరు వల్ల కంటి వెనుక పొరలో రక్తనాళాలు దెబ్బతినడం మొదలైనా చాలాకాలం నొప్పి ఉండదు, చూపు తగ్గినట్టూ తెలియదు. చుక్కలు వేయకుండా చూస్తే రెటీనా మధ్య భాగమే కొంత కనిపిస్తుంది. అంచుల్లో కొత్తగా మొలిచిన బలహీనమైన రక్తనాళాలు, చిన్న చిన్న రక్తపు చుక్కలు మా చూపుకు అందకుండా తప్పించుకుంటాయి. వాటిని సకాలంలో గుర్తిస్తే లేజరుతోనో, కంటిలోకి ఇచ్చే ఇంజెక్షన్లతోనో చూపును చాలా వరకు నిలబెట్టవచ్చు. రక్తం లోపల చిమ్మిన తర్వాత వస్తే మేము చేయగలిగింది తక్కువ. 12 ఏళ్ల షుగరు ఉన్న మనిషికి ఏడాదికోసారి కంటిపాప విప్పి చూడటం తప్పనిసరి అని అమ్మగారికి నా మాటగా చెప్పండి.

అలాగని ఈ చుక్కలు అందరికీ ఒకేలా పడతాయని కాదు. పైన చెప్పిన ఆ నీటి మూల పుట్టుకతోనే ఇరుకుగా ఉన్నవారికి, ముఖ్యంగా నలభై దాటి, దూరం చూడటానికి కూడా ప్లస్ అద్దాలు వాడేవారికి, కంటిపాప విప్పారినప్పుడు ఆ మూల మూసుకుపోయి కంటి ఒత్తిడి ఒక్కసారిగా పెరిగిపోయే అవకాశం ఉంది. మనం నీటికాసులు అనే గ్లకోమాలో ఇది ఒక రకం. ఎంత అరుదో చెప్పాలంటే, నెదర్లాండ్స్‌లోని రోటర్‌డామ్ నగరంలో ట్రోపికామైడ్, ఫినైలెఫ్రిన్ అనే మరో చుక్కల మందు రెండూ వేసి 6,700 మందికి పైగా పెద్దవారిని పరీక్షించినప్పుడు ఇద్దరికి మాత్రమే ఇలా జరిగిందని 1997లో ప్రచురించారు. అయితే యూరప్ వారితో పోలిస్తే ఆసియా వాసులలో ఇరుకు మూలలు ఎక్కువ కాబట్టి, ఆ సంఖ్య చూసి మనం నిశ్చింతగా ఉండకూడదు. అందుకే మేము చుక్కలకు ముందు కంటికి పక్కనుంచి టార్చి వేసి అవతలి వైపు నీడ పడుతోందా అని చూస్తాము, అనుమానం వస్తే, కంటిని పెద్దదిగా చూపే స్లిట్ ల్యాంప్ అనే పరికరం దగ్గర కూర్చోబెట్టి, కంటి మీద అద్దాలున్న కటకం పెట్టి మూలను నేరుగా పరిశీలిస్తాము. ఇరుకు ఉన్నట్టు తేలితే ముందుగా లేజరుతో నల్లగుడ్డులో చిన్న రంధ్రం చేసి, నీటికి మరో దారి ఏర్పరచి, ఆ తర్వాతే కంటిపాప విప్పుతాము. శుక్లం ఆపరేషన్ అయి లోపల కృత్రిమ లెన్సు ఉన్నవారికి ఈ ముప్పు చాలా తక్కువ. మీ మామగారికి ఆ చుక్కలు పడ్డాయి కాబట్టి అమ్మగారికీ పడతాయి అనుకోవడం ఎందుకు సరికాదో దీన్నిబట్టి తెలుస్తుంది.

ఈ ఒత్తిడి పెరగడం ఆసుపత్రిలో ఉన్నప్పుడే జరగాలని లేదు. మందు దిగిపోతూ కంటిపాప సగం దాకా చిన్నదయ్యే వేళ, అంటే ఇంటికి చేరిన కొన్ని గంటల తర్వాత, సాయంత్రమో రాత్రో మొదలు కావచ్చు. కన్ను ఎర్రబడి, కంట్లోనూ ఆ వైపు తలలోనూ భరించలేని నొప్పి వచ్చి, వీధి దీపం చుట్టూ రంగుల వలయాలు కనిపించి, దాంతోపాటు వాంతులు కూడా కావచ్చు. మనవాళ్లు వాంతులు చూడగానే పైత్యం చేసిందనో, ఎండదెబ్బ తగిలిందనో అనుకుని నిమ్మరసం తాగించి పడుకోబెడతారు, లేదంటే కడుపు డాక్టరు దగ్గరికి తీసుకెళతారు, అప్పటికి రాత్రి గడిచిపోతుంది. పగలు కంట్లో చుక్కలు వేయించుకున్న మనిషికి రాత్రి కంటి నొప్పితో వాంతులైతే అది కంటికి సంబంధించిన అత్యవసర పరిస్థితి, తెల్లారేదాకా ఆగకూడదు. ఎంత త్వరగా ఒత్తిడి తగ్గిస్తే చూపు నరం అంత భద్రంగా ఉంటుంది. మామూలు మసక, వెలుగు చూడలేకపోవడం, కాస్త మంట మాత్రం సహజమే, వాటికి కంగారు అక్కర్లేదు.

మీ అమ్మగారి విషయంలో బీపీ గురించి విడిగా చెప్పాలి. మన దగ్గర చాలా చోట్ల వాడే చుక్కల్లో ట్రోపికామైడ్‌తోపాటు ఫినైలెఫ్రిన్ కలిసి ఉంటుంది. అది కంటిపాపను విప్పే కండరాన్ని ప్రేరేపిస్తుంది, అదే గుణంతో ఒంట్లోని రక్తనాళాలను కూడా బిగిస్తుంది. మామూలు మోతాదులో చాలామందికి ఏమీ కాదు. కానీ బీపీ అదుపులో లేనివారికి, గుండె జబ్బు ఉన్నవారికి, అందులోనూ 10 శాతం గాఢత ఉన్న ఫినైలెఫ్రిన్ వేస్తే బీపీ ప్రమాదకరంగా పెరగవచ్చు. అటువంటివారికి మేము ట్రోపికామైడ్ ఒక్కటే వేస్తాము లేదా ఫినైలెఫ్రిన్ గాఢత తగ్గిస్తాము. ఇందుకోసమే ఆమె వాడే బిళ్లలన్నీ, వాటి పట్టీలతో సహా, ఒక కవరులో వేసి పట్టుకెళ్లండి. అరికాళ్ల మంటలకు ఇచ్చేవాటిలో అమిట్రిప్టిలిన్ ఒకటి. ఆ బిళ్ల వాడుతుంటే ఫినైలెఫ్రిన్ ప్రభావం ఒంటి మీద ఎక్కువ కావచ్చు. నరాల బిళ్లకూ కంటి చుక్కకూ ఏం సంబంధమని చాలామంది చెప్పనే చెప్పరు, మేము అడిగినా గుర్తుకు రాదు. అలాగే మీ మామగారి వయసు వారికి ప్రొస్టేట్ కోసం ఇచ్చే టామ్సులోసిన్ సంగతి శుక్లం ఆపరేషన్‌కు ముందు తప్పక చెప్పాలి. ఆ మందు వాడినవారికి ఆపరేషన్ సమయంలో కంటిపాప సరిగా విప్పారక, నల్లగుడ్డు వదులుగా అల్లాడుతుంది. ముందే తెలిస్తే సర్జను దానికి తగ్గట్టు సిద్ధపడతారు. ఆ బిళ్లను మీరుగా ఆపడం వల్ల ప్రయోజనం లేదు.

పరీక్ష రోజున అమ్మగారు ఎప్పటిలాగే టిఫిను తిని, బీపీ బిళ్ల, షుగరు బిళ్ల వేసుకునే వెళ్లాలి. పరీక్ష అనగానే పరగడుపున రావాలనుకుని, షుగరు బిళ్ల మాత్రం వేసుకుని వచ్చి, క్యూలో కూర్చుని చెమటలు పట్టి తూలిపోయే పెద్దవారిని తరచు చూస్తుంటాము, ఈ పరీక్షకు ఉపవాసంతో పని లేదు. తోడుగా ఒకరు ఉండాలి. స్కూటరు నడిపే అబ్బాయికైనా సరే, చుక్కలు వేసిన రోజున బండి తాళం చేతికి ఇవ్వకూడదు, ఎదురుగా వచ్చే లైట్ల వెలుగుకు కళ్లు బైర్లు కమ్ముతాయి. నల్ల కళ్లద్దాలు, లేదంటే అంచున్న టోపీ, గొడుగు, ఏదో ఒకటి ఉంచుకోండి. మెట్లు దిగేటప్పుడు చెయ్యి పట్టుకోండి. ఇంటికి వచ్చాక కత్తిపీట ముందు కూర్చోనివ్వకండి.

ఇందులో నేను అన్నిటికంటె గట్టిగా చెప్పదలచుకున్నది ఆ రాత్రి ఇన్సులిన్ గురించి. కంటిపాప పెద్దదై ఉన్నప్పుడు సిరంజి మీది సన్నని గీతలు, పెన్ను కిటికీలో తిరిగే అంకెలు అలుక్కుపోయినట్టు కనిపిస్తాయి. 10 గీత అనుకుని 16 దాకా లాగితే, అర్ధరాత్రి షుగరు పడిపోయి మనిషి స్పృహ తప్పే ప్రమాదం ఉంది. ఆ పూట మోతాదును మీరు చూసి లాగి, ఆమెకు చదివి వినిపించి, అప్పుడు వేయండి. షుగరు చూసే మిషను అంకెలు కూడా మీరే చదవండి. పరీక్షను ఉదయం పూట పెట్టించుకుంటే రాత్రి భోజనం వేళకు చూపు చాలావరకు తేరుకుంటుంది.

చుక్క వేసే తీరు గురించి కొంత చెప్పాలి, ఎందుకంటే ఆసుపత్రిలో వేసినా, ఇంట్లో వైద్యులు రాసిన మందు మీరు వేసినా అదే పద్ధతి. చేతులు సబ్బుతో కడుక్కుని, తల వెనక్కి వాల్చి, కింది రెప్పను వేలితో కొద్దిగా లాగితే చిన్న సంచిలాంటి చోటు ఏర్పడుతుంది. సీసా మొన రెప్పలకు గానీ వెంట్రుకలకు గానీ తగలకుండా ఒక్క చుక్క అందులో వేయాలి. సీసా నుంచి పడే ఒక చుక్కే ఆ సంచికి ఎక్కువ, రెండో చుక్క వెంటనే వేస్తే అది చెంప మీదికి కారడం తప్ప ఉపయోగం లేదు. రెండో మందు వేయాలంటే అయిదు నిమిషాలు ఆగాలి. చుక్క వేసిన కాసేపటికి గొంతులో చేదు తగులుతుంది. కంటి మూలలోని సన్నని నాళం గుండా మందు ముక్కులోకి, అక్కడి నుంచి గొంతులోకి దిగడం వల్ల వచ్చే చేదు అది, అంటే మందులో కొంత భాగం ఒంట్లోకి చేరుతోందన్నమాట. దాన్ని తగ్గించడానికి కళ్లు మెల్లగా మూసుకుని, ముక్కు పక్కన కంటి లోపలి మూలను చూపుడు వేలితో రెండు మూడు నిమిషాలు నొక్కి ఉంచాలి. పెద్దవారికి ఇది మంచి అలవాటు, పిల్లలకైతే తప్పనిసరి. కాంటాక్ట్ లెన్సులు ఉంటే ముందే తీసేయాలి. చుక్క వేసే ముందు సీసా మీది పేరు వెలుగులో చదవాలి. మూత రంగు చూసో, సీసా ఆకారం చూసో వేస్తే, చెవి చుక్కలు, ఒక్కోసారి ఇంట్లో అతికించుకునే జిగురు కూడా కంట్లో పడతాయి.

ఇక మీ బాబు విషయానికి వస్తాను, ఎందుకంటే మీ ఉత్తరంలో ఉన్న మందులన్నిటిలోకీ బలమైనది అతనికి రాసినదే. చిన్నపిల్లల కంటి లోపలి కండరానికి ఎంత శక్తి ఉంటుందంటే, ప్లస్ పవరు చాలా ఉన్నా దాన్ని అది దాచేస్తుంది. ఆ శ్రమ వల్లనే కొందరిలో కన్ను లోపలికి తిరిగి మెల్ల వస్తుంది. ఆ కండరానికి పూర్తిగా విశ్రాంతి ఇస్తే తప్ప అసలు పవరు బయటపడదు. అందుకు అట్రోపిన్ కావాలి. మీ డాక్టరు గారు రాసింది సరైన మందే, మానవద్దు. కానీ దాని బలం తెలుసుకుని పెట్టండి. 1 శాతం అట్రోపిన్ చుక్క ఒక్కదానిలో సుమారు 0.5 మిల్లీగ్రాముల మందు ఉంటుంది. గుండె వేగం బాగా పడిపోయిన పెద్దమనిషికి ఆసుపత్రిలో ఇంజెక్షనుగా ఇచ్చే మోతాదులతో పోల్చదగినది అది. అందుకే చిన్నపిల్లలకు చాలామంది వైద్యులు ముక్కులోకి త్వరగా కారిపోని ఆయింట్‌మెంటును ఎంచుకుంటారు. మన పల్లెల్లో గట్ల మీద మొలిచే ఉమ్మెత్తలో ఉండే విషాల్లో ఇదీ ఒకటి. ఉమ్మెత్త కాయ తిన్న పిల్లలు వేడెక్కిపోయి, పొంతన లేకుండా మాట్లాడటం మీ పెద్దవాళ్లు చూసే ఉంటారు.

ఆయింట్‌మెంట్ ట్యూబును కంటి మీద నొక్కకండి. కడిగిన చిటికెన వేలి మీద బియ్యపు గింజంత తీసుకుని, బాబును ఒళ్లో పడుకోబెట్టుకుని, కింది రెప్ప లోపల అంటించి, కన్ను మూయించి మూలను నొక్కి ఉంచండి. బయటికి వచ్చినదాన్ని తడి దూదితో తుడిచేయండి. అతని చేతులు కూడా కడగండి, ఎందుకంటే పిల్లలు కన్ను నలిపి ఆ వేలు నోట్లో పెట్టుకుంటారు. ఆ తర్వాత మీ చేతులు సబ్బుతో కడుక్కోవడం మరవకండి. మందు అంటిన వేలితో మీ కన్ను తుడుచుకుంటే మీకు ఒక కంటిపాప పెద్దది, ఒకటి చిన్నది అవుతుంది. మందు సంగతి తెలియని వైద్యులు దాన్ని మెదడు జబ్బు అనుమానించి స్కానింగు దాకా తీసుకెళ్లే అవకాశం ఉంది. ఎన్ని రోజులు, రోజుకు ఎన్నిసార్లు అన్నది మీ చీటీలో ఉన్న ప్రకారమే జరగాలి. ఒక పూట మరిచిపోతే మరుసటి పూట రెట్టింపు పెట్టకండి. పరీక్ష రోజు ఉదయం పెట్టాలో వద్దో ముందే అడిగి తెలుసుకోండి. మందు కంటి మీద పొరలా ఉండి పరీక్షకు అడ్డు వస్తుందని చాలామంది ఆ పూట వద్దంటారు.

బుగ్గలు కాస్త ఎర్రబడటం, నోరు ఎండటం కొందరు పిల్లల్లో కనిపిస్తుంది, నీళ్లు తాగిస్తూ డాక్టరు గారికి ఫోను చేసి తర్వాతి మోతాదు గురించి అడగండి. ఒళ్లు కాలిపోతున్నా, గుండె దడదడ కొట్టుకుంటున్నా, మూత్రం రాక ఇబ్బంది పడుతున్నా, బాబు లేనివి ఉన్నట్టు చూపిస్తూ గాలిలో ఏదో పట్టుకోబోతున్నా మందు ఆపి, ట్యూబు చేతిలో పట్టుకుని వెంటనే ఆసుపత్రికి వెళ్లండి, వాహనం లేకపోతే 108కి ఫోను చేయండి. ఈ వేడి చెమట ఆగిపోవడం వల్ల వచ్చేది కాబట్టి జ్వరం బిళ్లకు సరిగా తగ్గదు. దుస్తులు వదులు చేసి గోరువెచ్చని నీటి గుడ్డతో ఒళ్లు తుడుస్తూ బయలుదేరండి. మందు పెట్టే రోజులు మండుటెండల్లో పడితే బాబును బయట ఆడుకోవడానికి పంపకండి. గుండె జబ్బు, మూర్ఛ, డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లలైతే ఆ సంగతి మందు రాయక ముందే చెప్పాలి.

ఒక మాట అదనంగా చెబుతాను. దగ్గరివి తప్ప దూరంవి కనబడని పిల్లలకు మైనస్ పవరు పెరగకుండా రాత్రిపూట వేసే అట్రోపిన్ చుక్కలు ఈ మధ్య ఎక్కువగా రాస్తున్నారు. వాటిలో సాధారణమైన 0.01 శాతం చుక్కలకూ, మీ బాబుకు రాసిన 1 శాతం మందుకూ మధ్య తేడా వంద రెట్లు. పేరు ఒకటే కాబట్టి పొరుగింటి పాపకు మీ ట్యూబు, మీ బాబుకు వారి సీసా ఇచ్చిపుచ్చుకోకండి. మందుల షాపులో తీసుకునేటప్పుడు ఆ శాతం అంకెను చీటీతో సరిపోల్చి చూడండి. పని అయిపోయాక మిగిలిన ట్యూబును పిల్లల చేతికి అందని చోట పెట్టడం కాదు, పారేయండి.

అట్రోపిన్ ప్రభావం ఒకటి నుంచి రెండు వారాల దాకా ఉంటుంది. అన్నాళ్లూ బాబు కంటిపాపలు నల్లగా పెద్దవిగా కనిపిస్తాయి, పుస్తకం దగ్గర పెట్టుకుని చదవలేడు, ఎండలో కళ్లు చికిలిస్తాడు. టీచరు గారికి ముందే ఒక చీటీ రాసి పంపండి, లేకపోతే పలక మీద రాయడం లేదని కసురుకుంటారు. టోపీ పెట్టి బడికి పంపండి. మందు ప్రభావం పోయాక, సాధారణంగా మూడు వారాల తర్వాత, మళ్లీ రమ్మంటే తప్పక తీసుకెళ్లండి. అప్పుడు చూసే పవరుతోనే చాలాసార్లు అద్దాలు ఖరారవుతాయి. మెల్ల ఉన్న పిల్లలకు మాత్రం మొదటి పరీక్షలోనే అద్దాలు రాసి వెంటనే పెట్టించమనవచ్చు. అలా చెబితే మూడు వారాలు ఆగకుండా ఆ వారంలోనే చేయించండి.